రాగము – వర్ణము – ఛాయ

సంస్కృత వ్యాకరణమున 'రఞ్జ' అను ధాతువొకటి కలదు. ధాతుపాఠము దానికి రాగమనియే అర్థము చెప్పుచున్నది. వస్త్రమునకు పట్టిన రంగు రాగము; గాయకుడు తంబురా శ్రుతిలో ఆలపించునదియు రాగము; మనస్సును విషయములకు అంటగట్టు ఆసక్తియు రాగమే. ఎఱ్ఱని వస్తువును రక్తమనుటయు, ప్రేమించువానిని అనురక్తుడనుటయు, అన్నిటిని విడిచినవానిని విరక్తుడనుటయు ఈ యొక్క ధాతువు మహిమయే. పాణిని మహర్షి అష్టాధ్యాయిలో నాల్గవ అధ్యాయము రెండవ పాదమును రంగు వేయుటను గూర్చిన సూత్రముతోడనే ప్రారంభించెను. కషాయముచే రంగు పట్టిన వస్త్రము కాషాయమనియు, మంజిష్ఠచే రంగు పట్టినది మాంజిష్ఠమనియు వ్యాఖ్యాతలు దానికి ఉదాహరణములిచ్చిరి. అద్దకమువాడును, గాయకుడును, సంసారియు ఒకే ధాతువు నీడలో నిలిచియుండుట యాదృచ్ఛికము కాదు.

ఇచట జిజ్ఞాసువునకు రెండు శంకలు కలుగును. పతంజలి యోగశాస్త్రమున అవిద్య, అస్మిత, రాగము, ద్వేషము, అభినివేశము అను ఐదింటిని క్లేశములుగా లెక్కించెను. గీతాచార్యుడును స్థితప్రజ్ఞుని లక్షణములలో రాగము తొలగిపోవుటను చెప్పెను. విడువదగినదిగా శాస్త్రములు చెప్పిన రాగమునే మనము ప్రతిదినము స్వామి సన్నిధిని పాడుచున్నాము. రంజింపజేయుట బంధహేతువైనచో, బంధవిమోచకుడైన పరమేశ్వరుని యెదుట దానికి పనియేమి? ఇది మొదటి శంక. రెండవది ఇంతకంటె సూక్ష్మమైనది. తాననుభవింపని దుఃఖమును గాయకుడు కంఠమున పలికించుచున్నాడు; తానెఱుగని కరుణను చిత్రకారుడు దేవతామూర్తి కన్నులలో దిద్దుచున్నాడు. లేని భావమును ఉన్నట్లు చూపుట లోకమున అసత్యమనబడును. ఆలయమున అది సేవ యెట్లగును? ఈ రెండు శంకలకును సమాధానము ఛాయ అను ఒక్క పదమున దొరకునని నా విశ్వాసము. ఆ మార్గమున కొంత విచారింతము.

మొదట వర్ణమును గూర్చి. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున ఒక్కొక్క రసమునకు ఒక్కొక్క వర్ణమును, ఒక్కొక్క అధిదేవతను నిర్దేశించెను. శృంగారము శ్యామవర్ణము, విష్ణుదైవతము. హాస్యము తెలుపు, దానికి ప్రమథులు దేవతలు. కరుణము పావురపు వన్నె. దానికి యముడు దైవము. రౌద్రము ఎఱుపు, రుద్రదైవతము. వీరము గౌరవర్ణము, మహేంద్రదైవతము. భయానకము నలుపు, బీభత్సము నీలము, అద్భుతము పసుపు. అదే మహర్షి వేఱొకచోట స్వరములను రసములకు వినియోగించుచు, మధ్యమ పంచమములు హాస్య శృంగారములకును, షడ్జ ఋషభములు వీర రౌద్రాద్భుతములకును, గాంధార నిషాదములు కరుణమునకును, ధైవతము బీభత్స భయానకములకును తగునని చెప్పెను.

క్రీస్తుశకము పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవ ప్రభువైన సింఘణుని ఆశ్రయమున నున్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. అందు స్వరములకే నేరుగా వర్ణములు చెప్పబడినవి. షడ్జము పద్మపు కాంతి, ఋషభము పింగళము, గాంధారము బంగారు వన్నె, మధ్యమము మొల్లపూవు తెలుపు, పంచమము నలుపు, ధైవతము పసుపు, నిషాదము పలువన్నెల కలయిక. స్వరమునకును వర్ణమునకును ఇట్లు పొత్తు కలుపుట మన దేశమునకే పరిమితము కాదు. 1704వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున న్యూటను మహాశయుడు కాంతిశాస్త్ర గ్రంథమును ప్రకటించుచు, గాజు పట్టకముచే విడివడిన సూర్యకాంతిని ఏడు వర్ణములుగా విభజించి, వాని పరిమాణములను సంగీతములోని ఏడు స్వరాంతరములతో పోల్చెను.

ఈ పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక విశేషము గోచరించును. భరతుని మతమున కరుణరసము పావురపు వన్నె. కరుణమునకు తగిన స్వరములు గాంధార నిషాదములు. శార్ఙ్గదేవుని మతమున గాంధారము బంగారు వన్నె, నిషాదము పలువన్నెలది. బూడిదవన్నెతో చిత్రింపవలసిన దుఃఖమును బంగారు వన్నె గల స్వరముతో పాడవలసి వచ్చుచున్నది! ఇది శాస్త్రకారుల పొరపాటని తలపరాదు. ఈ వర్ణములు మంత్రములకు ఋషి, ఛందస్సు, దేవతలను చెప్పినట్లు ధ్యానార్థము చెప్పబడినవి, ఉపాసకునికి ఆలంబనములు. స్వరమునందో రంగునందో భావము మేకు కొట్టినట్లు పాతుకొని యుండదని ఈ భేదమే మనకు బోధించుచున్నది. ఎఱుపు నవవధువు పాపటలో మంగళము; యుద్ధభూమిలో అదియే భయంకరము; సాయంసంధ్యయందు అదియే వైరాగ్యమును స్ఫురింపజేయును. వర్ణమొక్కటియే, భావము వేఱు. ఆ భేదమును కల్పించుచున్నదేమి?

అమరసింహుడు ఛాయాశబ్దమునకు నాలుగర్థములు చెప్పెను. సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండ లేమి. వెలుగును, వెలుగు లేమియు ఒకే పదమునకు అర్థములగుట వింతగా తోచును. కాని చిత్రకారునకును గాయకునకును ఇందు వింత లేదు. చిత్రమున ముక్కు ఎత్తు, చెక్కిలి గుండ్రదనము, కంటిలోని జాలి తెలియవలెనన్నచో ఒకచోట వెలుగును నిలిపి వేఱొకచోట దానిని తగ్గింపవలెను. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయఖండమున చిత్రసూత్రమను భాగము కలదు. అందు ఇట్లు వెలుగునీడలు దిద్దుటకు వర్తన యని పేరు. ఆకు ఈనెల వంటి గీతలతో చేయునది పత్రజము, మిక్కిలి సన్నని రేఖలతో చేయునది ఐరికము, చుక్కలతో చేయునది బిందుజము అని వర్తన త్రివిధము. చిత్రమును చూచువారి భేదమును ఆ పురాణము చమత్కారముగా చెప్పినది. ఆచార్యులు రేఖను మెచ్చుకొందురట. వివేకులు వర్తనను మెచ్చుకొందురట. స్త్రీలు ఆభరణములను కోరుదురట. తక్కినవారు రంగుల సమృద్ధిని చూచి సంతోషింతురట. స్త్రీలను గూర్చిన మాట ఆనాటి లోకోక్తిగా గ్రహించి విడువవచ్చును. రంగుల సమృద్ధి అందఱికి కనబడునదే; ఛాయను చూచుటకు మాత్రము వివేకము కావలెనన్నది ఇందలి సారము.

సంగీతమునందును ఇదియే పదము, ఇదియే అర్థము. శార్ఙ్గదేవుడు ఛాయయనగా కాకువే యని చెప్పి దానిని ఆఱు విధములుగా విభజించెను: స్వరకాకువు, రాగకాకువు, అన్యరాగకాకువు, దేశకాకువు, క్షేత్రకాకువు, యంత్రకాకువు. క్షేత్రమనగా ఇచట శరీరము. ఒకే కీర్తనను ఇద్దఱు పాడినప్పుడు శరీరభేదమును బట్టి కలుగు వన్నె క్షేత్రకాకువు. వీణా వేణువుల భేదమును బట్టి కలుగునది యంత్రకాకువు. 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్, ఒకే స్వరము వేర్వేఱు వాద్యములలో వేఱుగా వినబడుటకు ఆ స్వరమును అంటియుండు ఉపస్వరముల హెచ్చుతగ్గులే కారణమని నిరూపించెను. ఆ భేదమునకు వారి భాషలోని పదము 'నాదపు రంగు' అను అర్థమునే ఇచ్చుచున్నది. దూరదేశముల విద్వాంసులకును చెవి విషయమును కంటి మాటతో చెప్పక తప్పలేదు.

కాకువు గాయకుల సొత్తు మాత్రమే కాదు. ప్రొద్దువోయి ఇల్లు చేరిన కుమారుని చూచి తల్లి "వచ్చితివా నాయనా" అనును. ఆ రెండు మాటలలో సంతోషము వినవచ్చును, కోపము వినవచ్చును, అంతసేపు పడిన భయము వినవచ్చును, ఎత్తిపొడుపు వినవచ్చును. అక్షరములలో మార్పు లేదు. మార్పంతయు ఛాయలోనే యున్నది. వేదమునందు దీనికి కఠినమైన నిదర్శనము కలదు. త్వష్ట తన శత్రువైన ఇంద్రుని చంపగల కుమారుని కోరి హోమము చేయుచు, మంత్రమున ఒక్క పదమును స్వరము తప్పి పలుకగా, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే చచ్చెను. అక్షరము సరియైనను ఛాయ తప్పినచో ఫలము తలక్రిందులగును.

సూర్యపత్నియైన ఛాయ కథను ఇచట స్మరింపవలెను. విశ్వకర్మ కుమార్తెయైన సంజ్ఞాదేవి భర్త తేజస్సును సహింపలేక, తన రూపమునే పోలిన ఛాయను గృహమున నిలిపి తపస్సునకు వెడలిపోయెను. పిమ్మట ఆ సంగతి తెలిసిన విశ్వకర్మ సూర్యుని సానపట్టి తేజస్సులో ఎనిమిదవ పాలు తఱిగెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. తఱిగిన తేజస్సు వ్యర్థము కాలేదు. దానినుండియే విష్ణుచక్రము, శివుని త్రిశూలము, కుమారస్వామి శక్తి మొదలైన దివ్యాయుధములు పుట్టినవి. శిల్పులకును చిత్రకారులకును కులగురువైన విశ్వకర్మ ఇచట చేసిన పనియేమి? వెలుగును పెంచుట కాదు, తగ్గించుట. వెలుగును జీవులు ఓర్చుకొనగలిగినంతకు తెచ్చెను. తగ్గించిన దానినుండియే భగవంతుని చేతికి ఆయుధములను కల్పించెను. కళకు మూలసూత్రము ఇందే యున్నది. ఉన్న భావమునంతటిని వెలిగ్రక్కుట కళ కాదు. ఎంత లోపల నిలుపవలెనో ఎఱిగి నిలుపుట కళ. అట్లు నిలిపినదే వినువాని హృదయమున పనిచేయును.

ఈ విషయమునకు మన ప్రాంతముననే ఉజ్జ్వలమైన నిదర్శనము కలదు. రంగారెడ్డి జిల్లా మహేశ్వరమున శివగంగ కోనేటితో నలరారుచున్న రాజరాజేశ్వరాలయము గోలకొండ మంత్రులైన అక్కన్న మాదన్నల కాలమునాటిదని ప్రతీతి. ఆ సోదరులు 1672 నుండి 1687 వఱకు ఏలిన అబుల్ హసన్ తానాషా కొలువున అధికారము నెఱపి, 1686లో హతులైరి. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న వారికి మేనల్లుడని సంప్రదాయము. భద్రాచల రామునకు ఆలయము కట్టించుటకై ప్రభుత్వధనమును వ్యయము చేసెనని గోలకొండ దుర్గమున చెఱపెట్టబడిన ఆ గోపన్నయే మన రామదాసు. మేనమామల పేర నిలిచినది ఱాతికట్టడము. మేనల్లుని పేర నిలిచినది పాట.

రామదాసు కీర్తనలలోని భావములను వరుసగా పరిశీలింపుడు. ఒకచోట దీనుడై వేడుకొనును. ఒకచోట స్వామి మౌనమునకు అలుగును. ఆ కీర్తన ఆనందభైరవి రాగమున ఇంటింట ప్రసిద్ధము. వేఱొకచోట సీతమ్మకు, లక్ష్మణునకు, భరత శత్రుఘ్నులకు చేయించిన నగలనొక్కొక్కటిగా పేర్కొని, దేనికెంత ధనమైనదో లెక్క చెప్పి, ఎవరి సొమ్మని కులుకుచున్నావని స్వామినే నిలదీయును. మఱు నిమిషమున దెబ్బల బాధకోర్వలేక ఆడిన మాటలని క్షమాపణము కోరును. పైకి చూచినచో ఇవి దైన్యము, అలుక, కోపము, పశ్చాత్తాపము అను నాలుగు వేర్వేఱు రంగులు. నిజమునకు ఇది అన్నియు ప్రేమ యను ఒక్క రంగు యొక్క ఛాయలే. పరాయివానితో ఎవడును నగల లెక్క చెప్పి కలహింపడు. ఆ కోపమును ముదురు ఎఱుపుగా, నిజమైన రౌద్రముగా పాడినచో కీర్తన చెడును. కోపము క్రింద ప్రేమ కనబడునట్లు, లేత ఎఱుపులో శ్యామము తొంగిచూచునట్లు పాడిననే అది రామదాసు పాట యగును. ఆనందభైరవిలో గాంధారమును నిశ్చలముగా నిలుపక గమకముతో పలికింతురు. ఆ కదలికలోనే దుఃఖపు నీడయు, దానిని ఓదార్చు చల్లదనమును కలిసియుండును. శార్ఙ్గదేవుడు పదునైదు గమకములను చెప్పుటకు ఇట్టి ఛాయల అవసరమే కారణము.

చిత్రసూత్రము గృహములలో శృంగార, హాస్య, శాంత రసముల చిత్రములను మాత్రమే వ్రాయవలెననియు, రాజసభలోను దేవాలయమునందును సర్వరసములను వ్రాయవచ్చుననియు విధించినది. ఇంటిలో చెప్పుకొనరాని దుఃఖమునకు, కోపమునకు, భయమునకు చోటున్న స్థలము దేవాలయము. రామదాసు కోపమునకు రాముని యెదుట తప్ప మఱెక్కడ చోటుండును?

ఇప్పుడు రెండవ శంకకు వత్తము. రామదాసు చెఱలో నుండి పాడెను. నేటి గాయకుడు సుఖముగా భుజించి, శాలువ కప్పుకొని, ఆ చెఱసాల దుఃఖమును పాడుచున్నాడు. ఇది అసత్యము కాదా యని పూర్వపక్షము.

దీనికి ఆలంకారికుల సమాధానము ప్రసిద్ధము. అభినవగుప్తపాదుడు నటుని పాత్ర యనుటలోని ఔచిత్యమును వివరించుచు, పాత్రలో పోసిన పానీయమును పాత్ర రుచి చూడదనియు, త్రాగువాడే రుచి చూచుననియు చెప్పెను. కావ్యమున వర్ణింపబడిన దుఃఖము ఫలానివాని దుఃఖమను పరిమితిని విడిచి, సర్వసాధారణమై సహృదయుని హృదయమున రసమగును. కావున నటునకు ఆ దుఃఖమున్నదా లేదా అను ప్రశ్నయే పుట్టదు. వేదాంతులు చెప్పు స్ఫటిక దృష్టాంతమును ఇచట కలుపుకొనవచ్చును. మందారపూవు ప్రక్కన నున్న స్ఫటికము ఎఱ్ఱగా కనబడును. పూవును తీసివేసినచో స్ఫటికము స్వచ్ఛమే. అది అసత్యమాడినది కాదు; తన స్వచ్ఛత వలననే ఇతరుని వన్నెను చూపగలిగినది.

నాటకరంగమునకు ఈ సమాధానము చాలును. ఆలయమునకు చాలునా యని విచారింపవలెను. స్ఫటికమునుండి పూవు తొలగినంతనే రంగు తొలగును. ఏండ్ల తరబడి రామదాసు కీర్తనలను పాడియు, పాట ముగిసినంతనే ఏ వన్నెయు మిగులని వానిని కళాకోవిదుడందుము గాని భక్తుడనము. భక్తుడు స్ఫటికము వంటివాడు కాదు, వస్త్రము వంటివాడు కావలెను. వస్త్రమునకు పట్టిన రంగు నిలుచును. పాణిని చెప్పిన రాగమును వస్త్రవిషయమే కదా.

వస్త్రమునకు రంగెట్లు పట్టును? శ్రీకాళహస్తి కలంకారీ పనివారినడిగిన తెలియును. వారు నూలువస్త్రమును తొలుత బాగుగా ఉతికి, కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఎండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినముల తరబడి నానవేసి సిద్ధపఱచిన కసిమితో, వెదురు కలము పట్టి రేఖలు గీయుదురు. కరక్కాయ పట్టిన గుడ్డపై ఆ నీరు సోకిన తావు నల్లబడును. ఎఱుపు కావలసినచోట వారు ఎఱుపు పూయరు. దాదాపు రంగులేని పటికనీరు పూయుదురు. పిమ్మట నీట ఉతికి, చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్లు వేసిన నీటిలో గుడ్డనంతటిని ఉడికింతురు. గుడ్డ యంతయు ఆ రంగునీటిలోనే మునిగినను, పటిక తగిలినచోటనే ఎఱుపు నిలుచును; తక్కినచోట నిలువక పోవును. పటిక గాఢమైనచో ముదురెఱుపు, పలుచనైనచో లేతయెఱుపు. ఏ ఛాయ రావలెనో నిర్ణయించునది కంటికి కనబడని పటికయే.

ఈ దృష్టాంతమున గాయకుని కర్తవ్యము తేటతెల్లమగుచున్నది. కీర్తన రంగునీరు. దానిలో అందఱును మునుగుచున్నారు. శ్రద్ధ పటిక. అది పైకి కనబడదు. అది యెంత గాఢముగా తగిలియున్నదో అంత వన్నె నిలుచును. పాటకు ముందు చేయవలసిన పని ఉతుకుట, అనగా మనస్సులోని గంజిని, కీర్తికాంక్షను పోగొట్టుట. ఒక్క మునుకతో రంగు పట్టదు, పలుమాఱు ముంచవలెను. కావున తనకింకను పట్టని భావమును శ్రద్ధతో పాడువాడు అసత్యమాడుచున్నవాడు కాడు. వాడు రంగులో మునుగుచున్నవాడు. పాఠశాలలో ఎనిమిదేండ్ల వటువు రుద్రాధ్యాయమును ఉదాత్తానుదాత్తములతో వల్లించునప్పుడు వానికి రుద్రతత్త్వము తెలియునా? తెలియదు. అంతమాత్రమున వాని అధ్యయనము అబద్ధమని ఏ గురువును అనలేదు. శబ్దము ముందు వచ్చును, అర్థము పిదప వచ్చును, అనుభవము ఎప్పటికో వచ్చును. కొందఱికి తలనెఱసిన పిదపనే వచ్చును. ఆ వరుసను తప్పని చెప్పినచో విద్యయే నశించును.

త్యాగరాజస్వామి (1767–1847) తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను. కృతులలో సంగతులను విస్తరింపజేసిన ఖ్యాతియు ఆయనదే. సంగతియనగా ఒకే సాహిత్యపాదమును స్వరసంచారమున స్వల్పభేదములతో మరల మరల పాడుట. మొదటి సంగతి సరళముగా నుండును. పిమ్మట ఒక్కొక్కటిగా ఛాయలు చేరును. మాట మాఱదు. వన్నె ముదురును. ఇదియును పలుమాఱు ముంచుటయే. మొదటి మునుకలోనే ముదురు రంగు కోరువాడు సంగతుల మర్మమెఱుగనివాడు.

మఱి అసత్యమెప్పుడగును? శ్రద్ధ లేక ప్రదర్శనము మాత్రమున్నప్పుడగును. దానిని గుర్తించుటకు గుఱుతొకటి కలదు. ప్రదర్శనమునకు ఛాయ యుండదు. రంగునంతటిని ఒక్కసారి క్రుమ్మరించును. కన్నీరు రావలసిన చరణమునకు ముందే గొంతు వణకును. సభ్యులు చూచుచున్నారా యని కన్ను వెదకును. నిజమైన భావము తన్ను తాను కొంత దాచుకొనును. దాచినను దాగక బయటపడినదే వినువాని హృదయమును తాకును.

ఛాయ యనగా చిత్రమున నలుపు కలుపుటయే యని మాత్రము భ్రమింపరాదు. అజంతా గుహలలోని బుద్ధచరిత్ర చిత్రములలో వర్తన స్పష్టముగా కనబడును. పదునాఱవ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున విరూపన్న విస్తరింపజేసిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పులపై అట్టి వర్తన విశేషముగా లేదు. కావి, పసుపు, నలుపు, తెలుపు రంగులు సమతలముగానే పఱచుకొనియున్నవి. అయినను దూడను కోల్పోయిన గోవునకు న్యాయము చేసిన మనునీతిచోళుని కథను అచట చూచువారికి మనస్సు చలింపక మానదు. అచట ఛాయా కార్యమును రేఖయే, కంటి తీరే, మెడ వంపే నిర్వహించుచున్నవి. ఎంత చెప్పవలెనో అంతే చెప్పి నిలిచిన రేఖ అది.

సిద్దిపేట జిల్లా చేర్యాలలోని నకాషీ చిత్రకారుల పటములు మఱొక విధము. వారు గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలపై కథను వరుసగా వ్రాయుదురు. ఆ పటమును కథకులు ఊరూర విప్పి, బొమ్మను చూపుచు కథ పాడుదురు. కూనపులివారు పద్మశాలీల కొఱకు మార్కండేయ పురాణమును చెప్పుట ఈ తీరుననే. పటములోని బొమ్మలో వెలుగునీడలు లేవు. యముడు వచ్చినప్పుడును, శివుడు ప్రత్యక్షమైనప్పుడును వెనుక నున్నది అదే ఎఱుపు. కాని గాయకుని కంఠము మందగించినప్పుడు ఆ ఎఱుపు భయమగును. కంఠము విప్పారినప్పుడు ఆ ఎఱుపే అభయమగును. రంగును చిత్రమిచ్చుచున్నది, ఛాయను గానమిచ్చుచున్నది. చిత్రసూత్రమున మార్కండేయ మహర్షి వజ్రమహారాజునకు, ప్రతిమాలక్షణమెఱుగుటకు చిత్రమును, చిత్రమెఱుగుటకు నృత్తమును, నృత్తమెఱుగుటకు వాద్యమును, వాద్యమెఱుగుటకు గీతమును తెలియవలెనని వరుసగా ఉపదేశించిన మాటకు మన పల్లె పటమే వ్యాఖ్యానము.

ఇంతవఱకు విచారించినది మన యాలయములకు అక్కఱకు రావలెను. నేడు అనేక స్థలములలో పురాతన శిల్పములపై మెఱుగు రంగులు దట్టముగా పూయబడుచున్నవి. శతాబ్దముల నాటి కుడ్యచిత్రములపై సున్నము పడిన చోట్లు కలవు. శిల్పి ఉలితో తీర్చిన కనుబొమ్మ వంపునందలి నీడ ఆ రంగు క్రింద పూడిపోవుచున్నది. ఉత్సవ దినములలో భజనలు ధ్వనివర్ధకముల గుండా ఒకే స్థాయిలో మ్రోగుచున్నవి. మంద్రమునకును తారమునకును భేదము లేదు, వేడికోలునకును జయజయధ్వానమునకును భేదము లేదు. చేయువారి భక్తిని నేను శంకింపను. స్వామికి ఎక్కువ ఇవ్వవలెనను తలంపుననే వారట్లు చేయుచున్నారు. కాని తేజస్సు నెక్కువ చేయుట సేవయైనచో విశ్వకర్మ సూర్యుని సానపట్టనక్కఱలేదు. సంజ్ఞాదేవికే దుస్సహమైన వెలుగును సామాన్య భక్తునిపై క్రుమ్మరించుట న్యాయము కాదు. దుఃఖముతో వచ్చి స్తంభము చాటున నిలుచున్న ముసలమ్మకు ఆ హోరులో తన మాట స్వామికి చెప్పుకొనుటకు చోటేది? ఛాయ యనగా ఆమెకు మిగిల్చిన చోటు. పాడువాడు తగ్గినంత మేర వినువాని హృదయమునకు తావు దొరకును.

కావున ధర్మకర్తలు రంగు పూయించుటకు ముందు శిల్పశాస్త్రమెఱిగినవారిని సంప్రదింపవలెను. ప్రాతచిత్రముపై సున్నము పడనీయరాదు. భజన నిర్వాహకులు దినమునకొక్క కీర్తననైనను యంత్రము లేక, తంబురా శ్రుతిలో, వినబడినంత మేర పాడింపవలెను. గాయకుడు తనకు రాని కన్నీటిని తెచ్చుకొనుటకు యత్నింపక, స్వరమును శుద్ధముగా, మాటను స్పష్టముగా పలికి తక్కినదానిని స్వామికి విడువవలెను. శ్రోత రంగుల సమృద్ధిని దాటి ఛాయను వినుటకు చెవిని అలవఱచుకొనవలెను.

ఇక మొదటి శంక మిగిలియున్నది. విడువదగిన రాగమును స్వామికి అర్పించుటెట్లు? సమాధానము పాణిని సూత్రపు ఉదాహరణముననే కలదు. సర్వసంగ పరిత్యాగియైన యతి ధరించు వస్త్రమునకు కాషాయమని పేరు. అది రంగు పట్టినదను అర్థమున ఏర్పడిన పదము. విరాగి వస్త్రమును రాగము లేనిది కాదు. తెల్లని గుడ్డకు ఏ మఱకయైనను అంటును. కావిలో ముంచిన గుడ్డపై చిన్న మఱకలు నిలువవు. మనస్సును రంగులేనిదిగా చేయుట మనవంటి గృహస్థులకు సాధ్యము కాదు. ఏ రంగులో ముంచవలెనో ఎన్నుకొనుట మాత్రము సాధ్యము. విషయములయందలి రాగము మఱక. భగవంతునియందలి రాగము అద్దకము. రెండును ఒకే ధాతువు నుండి పుట్టినవే. గోపన్న ధనమును, కోపమును, కన్నీటిని కూడ ఆ యొక్క రంగులోనే ముంచెను. అందుచేతనే గోలకొండ రాజ్యము పోయినను ఆ వన్నె వెలియలేదు. అట్టి రాగమును రాజరాజేశ్వరుడు మన కంఠములకును, కన్నులకును, మనస్సులకును అనుగ్రహించుగాక.

స్వస్తి.